ఏడో రోజా

నెలసరి వల్ల తప్పిన ఉపవాసాలను తర్వాత తీర్చకపోతే, దేవుడు ఆ కోపాన్ని ఆడదాని కడుపులోనే పెడతాడా? ఆరేళ్లుగా నజ్మీన్‌ను తొలుస్తున్న అనుమానం ఇది.

పెళ్లయిన ఏడాది రంజాన్‌లో ఏడు రోజాలు తప్పాయి. తర్వాత ఎప్పుడైనా ఉండి తీర్చుకోవచ్చు. కానీ మామూలు రోజున కొత్త కోడలు అన్నం మానేస్తే ఎందుకని మామ పీరు అడుగుతాడు. ఏమని చెప్పాలి? ఆ సిగ్గుతోనే వాయిదా వేసింది. ఆ తర్వాతి ఏళ్లవి పుట్టింటికి వెళ్లినప్పుడు తీర్చుకుంది గానీ, ఆ ఏడూ అలాగే ఉండిపోయాయి. పిల్లలు కలగలేదు. ఈ ఏడాది మిరప కోతల్లో పొత్తికడుపు బరువెక్కితే పొదిలిలో స్కాన్ తీశారు. కుడివైపు అండాశయంలో నిమ్మకాయంత నీటితిత్తి.

"చాలామందికి వస్తాయమ్మా. ఎక్కువగా వాటంతటవే పోతాయి. ఆరు వారాలకు మళ్లీ చూద్దాం. ఈలోగా ఉన్నట్టుండి నొప్పి పుట్టి వాంతులైతే మాత్రం ఆ గంటే రావాలి," అంది డాక్టరు శ్రీరమ్య.

నజ్మీన్ చెవికి ఆరు వారాలన్న మాటే ఎక్కింది. ఆలోపు బాకీ తీరిస్తే తిత్తీ పోతుంది. మిరపకాయలు ఆరబోసిన కల్లంలో, క్యారేజీ అన్నం కుక్కలకు వేసి ఆరు రోజాలు ఉంది. ఎవరికీ తెలియలేదు.

ఏడోది స్కాన్ రోజునే పడింది. "లీటరు నీళ్లు తాగి కూర్చో. ఉచ్చతిత్తి నిండితేనే లోపల కనపడుద్ది," అంది నర్సు. నజ్మీన్ తాగలేదు. రేపొస్తానని చెప్పి నేరుగా కల్లానికి వెళ్లిపోయింది.

సాయంత్రం నాలుగింటికి, తడిబట్టను పిండినట్టు కడుపులో మెలిక పడింది. వాంతి చేసుకుంది. కాయల రాశి పక్కన మోకాళ్లు ముడుచుకుని పొద్దు వంకే చూసింది. ఇంకా రెండు గంటలు. యా అల్లా, ఇదొక్కటీ పూర్తి కానీ. బిడ్డను ఇప్పుడే ఇవ్వకపోయినా, ఆ ఆశ మాత్రం తీసుకోకు.

అత్త షాజాదీ చూసి, నీళ్ల చెంబుతో పరుగెత్తుకొచ్చింది. నజ్మీన్ పెదాలు బిగించింది.

"నోరు తెరవ్వే!"

"వద్దత్తా... బాకీ రోజా. పొద్దుగూకి మగ్రిబ్ అయ్యేదాకా ఆగు..."

"ఓసి పిచ్చిమొహమా! జబ్బు మనిషిని ఉండొద్దన్నది ఆ అల్లాయే గదా? ఆయన వద్దన్నాక ఇంకెవరి కోసమే ఇది? నాతో ఒక్క ముక్క చెప్తే నీతోపాటు నేనూ ఉండేదాన్ని!"

నీళ్లు గొంతు దిగాయి. ఏడోదీ పోయింది. భర్త ముస్తాక్ ఆటోలో ఒంగోలు దాకా ఆమె ఏడుస్తూనే ఉంది. నొప్పికో, రోజాకో ఆమెకే తెలియదు.

"తిత్తి బరువుకు అండాశయం మెలి తిరిగింది. రక్తం అందడం లేదు. మెలిక విప్పి చూస్తాం. పాడైపోయి ఉంటే తీసేయాలి," అన్నారు ఆసుపత్రిలో. ముస్తాక్ కాగితం మీద సంతకం పెట్టాడు.

మెలకువ రాగానే నజ్మీన్ అడిగిన మాట ఒక్కటే. "తీసేశారా?"

"తిత్తినే తీశాం. అండాశయం ఉంది. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేది కాదు," అంది అక్కడి డాక్టరు.

"ఉపవాసాలు బాకీ పెట్టాను. అందుకే వచ్చిందా అమ్మా?"

"దానికీ దీనికీ ఏం సంబంధం లేదమ్మా. ఇది ఎవరికైనా రావచ్చు. కొందరికే ఎందుకొస్తుందో మాకూ పూర్తిగా తెలీదు."

"ఇంకొక్కటి మిగిలింది. ఎప్పుడు ఉండొచ్చమ్మా?" అని అడిగింది నజ్మీన్.

పత్తి గింజలు పెట్టే రోజులకు, ఇక ఉపవాసం ఉండొచ్చని డాక్టరు చెప్పింది. ఆ మధ్యాహ్నం పీరు అడగనే అడిగాడు.

"అన్నం తినలేదేం అమ్మాయ్?"

"బాకీ రోజా మామా. పెళ్లయిన ఏడాదిది. ఇదే ఆఖరుది."

పీరు తల వంచుకుని, "మీ అత్త కూడా తినలేదు," అన్నాడు.

పొద్దుగూకి మసీదులో అజాన్ వినపడగానే ఖర్జూరాల పళ్లెం తెచ్చి ఇద్దరి ముందూ పెట్టాడు. నజ్మీన్ బిస్మిల్లా అనుకుని ఒకటి నోట్లో వేసుకుంది.