ఫెస్టీ ముక్కు

ఐర్లండ్‌లో కానమారా సరస్సుల ఒడ్డున నీటికుక్కలు వేసిన పెంటను కడిగి, అవి ఏం తింటున్నాయో చెప్పడం నా ఉద్యోగం. ఆ పెంట ఏ జంతువుదో చెప్పేది మాత్రం ఆ సరస్సుల కాపలాదారు ఫెస్టీ. ముక్కు దగ్గర పెట్టుకుని ఒక్కసారి పీల్చేవాడు. తియ్యటి వాసనైతే నీటికుక్క, ముక్కు పగిలే కంపైతే ముంగిసలాంటి మింక్. మింక్ అన్నాడంటే అక్కడ ఇనప పళ్ల బోను పెట్టేస్తాడు. మా కోళ్లను, బాతులను బతకనివ్వదు ఆ దొంగముండ. బోనులో పడితే మెడ విరిగినట్టే.

ఇవాళ పొద్దున్నే ఒక సంచి ఇచ్చి, "మింక్‌ది, పారెయ్ నోరీన్. తూములో బోను పెట్టి వచ్చా" అని ఇంటికి పోయాడు.

పారెయ్యడానికి చెయ్యి రాక కడిగాను. జల్లెడలో మలుగు చేప వెన్నుపూసలు, కప్ప ఎముకలు మిగిలాయి. వాటిని రెండు జంతువులూ తింటాయి. కానీ వాటి మధ్య వెంట్రుకలున్నాయి. ఒళ్లు నాక్కునే జంతువు తన బొచ్చు తనే మింగుతుంది. సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాను. నీటికుక్క బొచ్చు! ఆ తూము పక్కనే నీటికుక్క పిల్లల్ని పెట్టింది. తల్లి ఆ బోనులో పట్టదు. పిల్లలు పడతాయి.

ఫెస్టీకి ఫోను లేదు. ఆ బోను తియ్యడం అతనికే వచ్చు. కారులో వాళ్లింటికి పరుగెత్తాను. వంటింట్లో తాపీగా టీ తాగుతున్నాడు.

"లే! బోను తియ్యాలి! అది నీటికుక్కది!"

"దెయ్యం పట్టిందా పిల్లా? నువ్వు పుట్టకముందు నుంచీ వాసన చూస్తున్న ముక్కు ఇది."

నాకు ఒళ్లు మండిపోయింది. తిట్టబోయి ఆగాను. ఇల్లంతా మాడు కంపు.

"ఫెస్టీ, ఓవెన్‌లో రొట్టె మాడిపోతోంది."

అతను ఓవెన్ వైపు చూడలేదు. నా ముఖం వైపు చూశాడు. అప్పుడర్థమైంది నాకు.

"ఎప్పట్నుంచి?"

"క్రిస్మస్‌కి జ్వరమొచ్చింది చూడు, అప్పట్నుంచి. రంగూ ఆకారం చూసి చెబుతున్నా. దాదాపు సరిపోయేది."

"దాదాపా! నీ దాదాపు తగలెయ్య, నడువు!"

వానలో, బురదలో పడుతూ లేస్తూ వెళ్లాం. తూము లోపలి నుంచి సన్నగా ఈల వినిపించింది. పిల్ల తల్లిని పిలుస్తోంది. ఇంకాస్త దగ్గరకొచ్చింది ఈల. ఫెస్టీ బురదలో బోర్లా పడుకుని చెయ్యి లోపలికి దూర్చాడు.

"చెయ్యి పోతుందయ్యా! కర్ర పెట్టు!"

నా చేతిలోని కర్ర లాక్కుని లోపలికి పొడిచాడు. ఠప్పున చప్పుడైంది. ఈల ఆగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఫెస్టీ బోను గొలుసు పట్టి లాగాడు. బోను పళ్ల మధ్య విరిగిన కర్ర ఉంది, అంతే. కాసేపటికి తూము అవతల మళ్లీ ఈల, దానికి తల్లి జవాబు వినిపించాయి. నేను బురదలోనే కూలబడి ఏడ్చేశాను.

తూము రాతి మీద తాజా పెంట ఉంది. ఫెస్టీ అలవాటుగా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మళ్లీ మళ్లీ పీల్చాడు. తర్వాత నా వైపు చాచాడు.

"నువ్వు చెప్పు."

పీల్చాను. "ఎండుగడ్డి. కొంచెం చేప."

"ఇంకా?"

"వయొలెట్ పూలు."

"ఆఁ, అదే," అంటూ ముఖం అటు తిప్పుకున్నాడు. "ఇంకోసారి చెప్పు."

చెప్పాను.