దాలమ్మ చూపించిన వింతలు

నరసన్నపేట దాటాక మద్రాసు రోడ్డు పక్కన ఒక సత్రం ఉండేది. పూర్వం పూరీ జగన్నాథానికి నడిచి వెళ్లే యాత్రికుల కోసం మరిడమ్మ గారనే నూనె వర్తకుల ఇంటి ఆవిడ దాన్ని కట్టించి, దాని పేర మంచి మాగాణి రాసి పోయింది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే. ఆ దారిన వచ్చినవాళ్లు ఏ కులంవాళ్లైనా, ఏ దేశంవాళ్లైనా మూడు రోజులు ఉండవచ్చు; చాపా, చోటూ, రెండు పూటలా అన్నమూ ఉచితం.

ఒకప్పుడు ఆ సత్రంలో వంట చేసిన దాలమ్మ ఇప్పుడు రోడ్డుకు ఇవతల, సరిగ్గా సత్రం గుమ్మానికి ఎదురుగా, తాటాకు పాకలో అట్లు పోసి అమ్ముకుంటోంది. ఎదురుగానే ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే, "నన్ను రోజూ సూడాల ఆడు" అనేది.

ఆడు అంటే సత్రం గుమాస్తా నరసింగరావు. బియ్యం చెరిగాక చేటలో మిగిలిన నూకలు కోళ్ల కోసం ఒడిలో కట్టుకుపోవడం సత్రం వంటమనిషికి మొదటినుంచీ ఉన్న హక్కే. అయినా ఒకనాడు యాత్రికులూ ఊరివాళ్లూ పంక్తిలో కూర్చుని ఉండగా అతను దాలమ్మను నడిమధ్య నిలబెట్టి ఒడి దులపమన్నాడు. ఆమె దులిపింది. పిడికెడు నూకలు నేల రాలాయి. "చూశారా, బస్తాలు ఎలా తరిగిపోతున్నాయో" అన్నాడతను అందరికీ వినబడేలా. ఆ బస్తాలు అతని చేతిమీదుగానే మిల్లుకు పోతున్న సంగతి దాలమ్మ కనిపెట్టిందని అతనికి తెలిసిపోయింది. ఆమె నోరు తెరవకముందే ఆ నోటికి విలువ లేకుండా చేశాడు.

ఆమె పని వదిలి వెళ్లిపోయాక వంటమనిషి లేదన్న సాకుతో పొయ్యి చల్లార్చాడు. వచ్చిన యాత్రికులను గుమ్మంలోంచే సాగనంపాడు. ఊరు మాత్రం ఆమెను నూకల దాలమ్మ అనడానికి అలవాటుపడింది. కొందరు ఎగతాళికి, కొందరు ఊరికే.

దాలమ్మకు ఒకటే కావాలి. అతను అదే పంక్తిలో నిలబడి, ఆమె దొంగ కాదని తన నోటితో చెప్పాలి. ఆ కోరికను పొయ్యిలో నిప్పులా కప్పెట్టి ఉంచుకుంది.

పుష్యమాసంలో ఒక పొద్దున ఇద్దరు తెల్లవాళ్లు, ఒక కుర్రవాడూ ఒక పిల్లా, వీపుల మీద సంచులతో పాక ముందు ఆగారు. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పే గణపతిరావు మేష్టారు అక్కడే అట్టు తింటున్నాడు. భార్య పోయినప్పటినుంచీ ఆయన పొద్దుటి తిండి అక్కడే. వాళ్లతో కాసేపు మాట్లాడాడు.

"ఏటంతన్నారు మేష్టారూ?"

"వీళ్లది హాలండు అనే దేశం దాలమ్మా. ఏడాదిగా దేశాలు తిరుగుతున్నారట. సింహళం దాకా పోవాలి, చేతిలో పైకం అంతంతమాత్రం. ఖర్చు లేకుండా తల దాచుకునే చోటూ, ఖర్చు లేకుండా చూసేవీ ఏవైనా ఉన్నాయా అని అడుగుతున్నారు."

"దొరలకి డబ్బు నేకపోడమేటి?"

"వీళ్లు ఆ దొరలు కారు."

దాలమ్మ ఆ పిల్ల కాళ్లకేసి చూసింది. మడమలు పగిలి, దుమ్ము పట్టి ఉన్నాయి. "అయితే మన జగన్నాథం యాత్రోళ్లే" అంది. ఆ మాట అంటుండగానే ఆమె చూపు మెల్లగా రోడ్డు దాటి సత్రం గుమ్మం మీద వాలింది.

"ఎదురుగుండా సత్రం ఎట్టుకుని సోటు అడుగుతారేటండీ? మీరే దగ్గరుండి అప్పజెప్పీయండి."

మేష్టారు వెంట వచ్చిన తెల్లవాళ్లను చూసి నరసింగరావు పొంగిపోయాడు. వాళ్ల పక్కన నిలబడి వాళ్ల కెమేరాతో ఫోటో తీయించుకున్నాడు. ఆ సాయంత్రమే బస్సెక్కి శ్రీకాకుళంలో ఉన్న సత్రం ధర్మకర్త ఇంటికి పోయి గొప్పగా చెప్పుకున్నాడు. ధర్మకర్త అంతకన్నా పొంగి, "ఎవరొచ్చినా ఒక్క పూట లోటు రాకూడదు, మన పేరు దేశాలు దాటాలి" అన్నాడు. అలా నరసింగరావు తన కాళ్లకు తానే బంధం వేసుకున్నాడు.

కాని మర్నాడే తెల్లవాళ్లు సంచులు సర్దుకున్నారు. ఇక్కడ చూడ్డానికి ఏమీ లేదట.

"ఏటీ నేదా?" అంది దాలమ్మ. వాళ్లు వెళ్లిపోతే సత్రం పొయ్యి మళ్లీ చల్లారుతుంది, బస్తాలు మళ్లీ మిల్లుకు పోతాయి. ఆలోచించింది. పుట్టి పెరిగిన చోటే గాని అక్కడ చూడవలసిందేమిటో ఆమె ఎన్నడూ చూసుకోలేదు. "శ్రీకూర్మంలో గుడి ఎనక తాబేళ్లుంతాయి. ఆకుకూర ఎడితే సేతిలోంచి తింతాయి. సెప్పండి మేష్టారూ. టిక్కట్టు నేదని కూడా సెప్పండి."

తాబేళ్లతో ఒక రోజు గడిచింది. మర్నాడు చెరకు తోటలో బెల్లం వండే చోటుకు పంపింది; కాగుతున్న పాకం దొప్పలో పోసిచ్చారని వాళ్లు చేతులు నాక్కుంటూ తిరిగొచ్చారు. వెళ్లేరోజు ఆ హాలండు పిల్ల తన సంచిలోంచి ఏదో మందు తీసి, దాలమ్మ ముంజేతి మీద పెనం కాలిన మచ్చకు తనే రాసింది. దాలమ్మ చెయ్యి వెనక్కి లాక్కోలేదు. "తోవలో మీయోళ్లెవరు కనబడినా ఈ సత్రం మాట సెప్పండి" అని మాత్రం మేష్టారి చేత చెప్పించింది.

చెప్పినట్టే ఉన్నారు. వారం తిరక్కుండా ముగ్గురు, ఆ వెనక ఇద్దరు, ఆ తరవాత ఒకేసారి బస్సు దిగిన అరడజనుమంది. ఎవరొచ్చినా ముందు దాలమ్మ పాక దగ్గరే ఆగేవారు. ఎక్కడ ఏ వింత ఉందో ఆమె చెప్పాలి, మేష్టారు వాళ్ల భాషలో చెప్పాలి. ఒక్కో వింతకు ఒక్కో రోజు, ఒక్కో రోజుకు రెండు పూటల అన్నం. పొందూరులో రాట్నం వడికే ముసలమ్మల దగ్గరికీ, తప్పెటగుళ్ల ఆటకూ పంపింది. సైకిలు మీద ఎండుచేపలు అమ్ముకొచ్చే నూకయ్యను పట్టుకుని, కళింగపట్నం ఒడ్డున పెద్దవల లాగే చోటికి కూడా పంపింది.

"ఆళ్లూ వల లాగేరే అప్పా" అని వచ్చి చెప్పాడు నూకయ్య. "కూలి అడగనేదు సరిగదా, థాంక్సు అని సెప్పేరు. ఇలాటోళ్లని రోజూ పంపు."

శాలిహుండం కొండకు ఒకసారి తనే వెంట వెళ్లింది, వాళ్లు తొందరగా తిరిగొచ్చి మధ్యాహ్నపు బస్సు ఎక్కేస్తారేమోనని. బౌద్ధుల కాలంనాటి పాత ఇటుకల దిబ్బల మధ్య కూర్చుంటే కింద వంశధార మలుపు తిరిగి సముద్రం వైపు పోతూ కనిపించింది. ఆ నీళ్లే తాగి పెరిగింది గాని, పైనుంచి చూడ్డం అదే మొదలు. ఆ పూటంతా నరసింగరావు గుర్తుకు రాలేదు. కొండ దిగాక ఆ సంగతి తట్టి, తన మీద తనకే కోపం వచ్చింది.

సత్రంలో మరో వంటమనిషి కుదరలేదు. అడిగిన ప్రతివాళ్లూ "ఒడి దులిపే కొంపకి మేం రాం" అనేవారు. వండవలసిన పని నరసింగరావు భార్య తాయారు మీద పడింది. అటువైపు పొగ లేస్తుంటే దాలమ్మకు మొదట హాయిగా ఉండేది. తరవాత తాయారు దగ్గు వినిపించేది. దాలమ్మ వినిపించుకోకుండా పెనం గట్టిగా గీకేది.

ఒక మిట్టమధ్యాహ్నం తాయారు రోడ్డు దాటి పాకలోకి వచ్చింది. చీర కొంగుతో మొహం తుడుచుకుని, నడుం పట్టుకుని బల్ల మీద కూలబడింది. దాలమ్మ మాట కూడగట్టుకుంది. "నాను పంపడం మానను అమ్మగోరూ. మీరు బతిమాలినా మానను."

"నిన్ను మానమన్నదెవరే?"

దాలమ్మ చేతిలో గరిటె ఆగింది.

"ఇంకా పంపు" అంది తాయారు. "కాపరానికొచ్చి ఇన్నేళ్లైంది, మా ఇంటాయన కట్టె పుల్ల విరవడం నేనెప్పుడూ చూళ్లేదు. ఇప్పుడు కట్టెలు కొడతన్నాడు, నీళ్లు తోడతన్నాడు. గాదెలో ధాన్యం అన్నం కిందకే సరిపోతంది. మిల్లుకి పోవడానికి గింజ లేదు, పేటలో పేకాటకి పైసా లేదు. రాత్రి ఏడు గంటలకే ఇంట్లో ఉంటన్నాడు."

"మరి మీ నడుం?"

"అదే చెప్పడానికి వచ్చేను. ఎల్లుండి ధర్మకర్తగారు, తెల్లవాళ్ల పంక్తి చూస్తానని పెద్దవాళ్లని వెంటేసుకొస్తన్నారు. రేపటి పొద్దుటికి నా నడుం పట్టేస్తది. మంచం దిగలేను." మంచినీళ్లడిగి తాగి, చెంబు బోర్లించి లేచింది. "ఆయన నీ దగ్గరికే రావాలి. ఏం అడుగుతావో అడుగు. తక్కువ అడక్కు."

మర్నాడు తెల్లవారేసరికి నరసింగరావు పాక ముందు నిలబడ్డాడు. తాయారు నడుం సంగతి చెప్పాడు. జీతం పెంచుతానన్నాడు.

"నాకు పొయ్యి ఉన్నాది బాబూ. జీతం ఒద్దు. మద్దేనం పంక్తిలో నిలబడి, దాలమ్మ దొంగ కాదు అని ఒక్క మాట సెప్పండి. రేపటి వంట వండిపెట్టి నా దారిన నాను పోతాను."

అతను ఒక్క క్షణం ఆలోచించాడు. పంక్తిలో ఉండేది ఎవరు? తెలుగు ముక్క రాని తెల్లవాళ్లు. "అదెంత భాగ్యం" అన్నాడు.

దాలమ్మ సత్రం వంటింట్లో అడుగుపెట్టి ఆ మధ్యాహ్నానికి అన్నం వార్చింది, పప్పు దించింది. విస్తళ్ల ముందు తెల్లవాళ్లు కూర్చున్నారు. వాళ్లు చేత్తో అన్నం కలుపుకోవడం ఊరికి కూడా ఖర్చు లేని వింతే; రోజూ ఆ వేళకు కిటికీల దగ్గర జనం మూగేవారు. ఆ సంగతి నరసింగరావుకూ తెలుసు. అందుకే తలుపు మూయించి, కిటికీలన్నీ తనే వేసేశాడు.

శివరాత్రి వెళ్లి ఎండ ముదిరింది. అన్నం ఆవిరికీ, మూసిన కిటికీలకూ లోపల ఊపిరాడలేదు. పొడుగాటి ఒకడు చెమట తుడుచుకుంటూ లేచి, ఎవర్నీ అడక్కుండా దగ్గరున్న కిటికీ తెరిచాడు. అతన్ని చూసి మరొకతె, ఇంకొకడు. ప్రతి కిటికీ నిండా తలకాయలు. ముందు నూకయ్య, ఆ పక్కన మేష్టారు.

నరసింగరావు వంటింటి వైపు చూశాడు. దాలమ్మ నడిమధ్యకు వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది. ఏ బండమీద అప్పుడు నిలబడిందో అక్కడే.

"కానీండి" అంది.

అతను ఏదో గొణిగాడు.

"ఇనబళ్లేదు బావూ" అన్నాడు నూకయ్య కిటికీలోంచి.

"దాలమ్మ దొంగ కాదు."

"ఈ యెనకోళ్లకి అందనేదట."

అతను గొంతు పెంచి మళ్లీ చెప్పాడు. అక్కడితో ఆపమనవచ్చు. కిటికీ దగ్గర మేష్టారు, ఇక చాల్లే అన్నట్టు తల ఆడించాడు కూడా. దాలమ్మ చూసీ చూడనట్టు ఊరుకుంది. రోడ్డు మీద ఎడ్లబండి ఆపుకున్నవాడికి కూడా వినబడేదాకా చెప్పించింది. ఏమిటో తెలియక తెల్లవాళ్లు కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని చూస్తున్నారు.

"మరి బస్తాలు ఎలా తరిగేయి బాబూ?" అంది దాలమ్మ.

వంటింటి గుమ్మంలో తాయారు నిటారుగా నిలబడి ఉంది. నడుం పట్టేసిన మనిషిలా లేదు. అతను ఆమెను చూశాడు, కిటికీలను చూశాడు, తల దించుకున్నాడు. "నేనే అమ్మేను" అన్నాడు.

ఈసారి వినబళ్లేదని ఎవరూ అనలేదు.

తాయారు వచ్చి చెయ్యి చాపింది. అతను మొలలోని గాదె తాళాలు తీసి ఆ చేతిలో పెట్టాడు. దాలమ్మ అన్నం బుట్ట ఎత్తుకుని వరసలో మొదటి విస్తరి దగ్గర వంగింది. ఒక్క మెతుకు కింద పడనివ్వలేదు.

"అప్పా" అన్నాడు నూకయ్య. "అయితే మరింక నిన్ను నూకల దాలమ్మ అనకూడదేటి?"

"అనరా, అను" అంది దాలమ్మ తలెత్తకుండానే. "అన్నోడికి నా పెనం మీద అట్టు నేదు."