గీత దాటిన ముల్లు

పెట్రోలు ముల్లు కళ్లముందే దిగజారిపోతుంటే ఏ మనిషి మాత్రం నిమ్మళంగా కూర్చోగలడు? పైలట్ సీట్లో ముందుకు జరిగాడు, వెనక్కి జరిగాడు, మీటరు అద్దాన్ని వేలితో టకటకా కొట్టాడు. ముల్లు పైకి లేవలేదు. కిందకి చూస్తే అడవి, అడవి దాటితే కొండలు. చక్రం ఆనించడానికి చాపంత జాగా లేదు.

"ఏంటండీ ఆ కదలడం? కుదురుగా కూర్చోలేరా?" అంది పక్క సీట్లోంచి భార్య.

"ఏం లేదు. ఎదురుగాలి."

ఏం లేదట! మెడ మీంచి చెమట కాలర్లోకి కారుతోంది. అబద్ధం ఆడటం ఆయనకి ఏ కోశానా చేతకాదు. అయినా ఆడతాడు, అదే విచిత్రం.

నలుగురు పట్టే ఆ చిన్న విమానమే ఆ ఇంటికి అన్నం పెట్టేది. ఆయన నడుపుతాడు, ఆవిడ బుకింగులు చూసుకుని సామాను ఎక్కించి దింపుతుంది, ఆవిడ తమ్ముడు ఇంజను సంగతి చూస్తాడు. ఆ రోజు కొండల అవతలికి మందుల పెట్టెలు చేర్చి ఖాళీగా తిరిగొస్తున్నారు. అక్కడ పెట్రోలు దొరకదు గనక రానూపోనూ సరిపడా ఇంటి దగ్గరే పోయించుకుంటారు. వెళ్లేటప్పుడే ఇంజను కాస్త ఎక్కువ తాగినట్టనిపించింది. ఈ మీటర్ల మాట ఎవడు నమ్ముతాడు లెమ్మని ఊరుకున్నాడు. ఇప్పుడేమో సగం దారి దాటేశారు, వెనక్కి తిరిగినా ఒరిగేదేం లేదు.

లీకేమోనని రెక్కల వైపు చూశాడు. ఎక్కడా తడి లేదు. పొగగొట్టం వేడి చూపించే మీటరు వైపు చూశాడు. దాని ముల్లు గీత మీద బుద్ధిగా నిలబడి ఉంది. మరి ఆ పెట్రోలంతా ఏమైపోతున్నట్టు?

ఆ గీత సంగతి చెప్పాలి. పైకెళ్లేకొద్దీ గాలి పలచబడుతుంది గనక పెట్రోలు కూడా తగ్గించుకోవాలి. దానికొక ఎర్ర లివరు ఉంటుంది. లాగేకొద్దీ పెట్రోలు తగ్గి, పొగ వేడెక్కుతుంది. ఒకచోట వేడి పీక్‌కి చేరుతుంది, ఇంకా లాగితే దిగడం మొదలెడుతుంది. ఆ పీక్ ఎక్కడుందో ఎక్కిన ప్రతిసారీ వెతుక్కుని, అక్కణ్ణించి లివరు కొంచెం ముందుకు తొయ్యాలి. అదీ పద్ధతి. మన పైలట్‌కి అంత ఓపికేదీ? ఏనాడో ఒక్కసారి వెతికి, ముల్లు ఎక్కడ ఉండాలో మీటరు అద్దం మీద పెళ్లాం గోళ్లరంగుతో గీత గీసుకున్నాడు. ముల్లు గీతని తాకిందా, లివరు వదిలెయ్యడమే.

బామ్మర్దితో చెడింది కూడా ఆ గీత దగ్గరే. ఎండాకాలంలో ఒక వాల్వు కాలిపోయింది. నీ గీత వల్లేనన్నాడు బామ్మర్ది. నీ చేతకానితనం వల్లేనన్నాడు ఈయన. అంతే, మాటలు ఆగిపోయాయి. షెడ్డులో ఎదురెదురుగా నిలబడి, "అక్కా, చక్రాల్లో గాలి కొట్టానని చెప్పు" అని ఒకడు, "సరేనని చెప్పు మీ తమ్ముడికి" అని ఒకడు. మధ్యలో ఆ ఇల్లాలి ప్రాణం తోడేశారు.

"పెట్రోలు చాలదు కదూ?" అంది ఆమె హఠాత్తుగా.

ఆయన మీటరు అద్దాన్ని మళ్లీ కొట్టాడు.

"రేడియోలో వాణ్ణడగండి."

"వాణ్ణా? చచ్చినా అడగను."

"చచ్చేలాగే ఉన్నాం కదండీ!" అని మైకు లాక్కుంది. "ఒరేయ్ తమ్ముడూ, ఇంజను పెట్రోలు తెగ తాగేస్తోందిరా!"

రేడియో గరగరలాడింది. "వేడి ముల్లు ఎక్కడుందక్కా?"

"గీత మీద."

"గీత మీదా? నేను చెప్పమన్నది చెప్పలేదా నువ్వు?"

ఆమె మైకు ఒళ్లోకి దించేసింది.

"ఏం చెప్పమన్నాడు?" అన్నాడు పైలట్.

"ఆ గీత చెరిపేసుకోమని చెప్పు మీ ఆయనకి, అన్నాడు. మళ్లీ దెప్పుతున్నాడనుకుని మింగేశాను. మీ ఇద్దరి మాటలూ సగం మింగుతూనే ఉన్నానండీ. ఉన్నవన్నీ చేరేస్తే ఈపాటికి జుట్లు పట్టుకునేవాళ్లు."

"పొగగొట్టం పగిలితే నిన్న కొత్తది వేశాను," అంటోంది రేడియో. "సెన్సర్ ఇంజనుకి దగ్గరగా బిగించాల్సొచ్చింది. అక్కడ వేడి ఎక్కువ, అందుకే ముల్లు గీత మీదకి ముందే వచ్చేస్తుంది. నువ్వు లివరు అక్కడే ఆపేస్తున్నావు. లాగు బావా. గీత దాటనీ."

పైలట్ చెయ్యి లివరు మీద పడింది గానీ లాగలేకపోయింది. ఇన్నేళ్లలో ఆ గీత దాటనిచ్చింది లేదు. దాటితే వాల్వు కాలితే? కింద అడవి. వాడి మాట మీద రెండు ప్రాణాలు పెట్టాలా? ఆయనకి భయం వేసింది, భయపడుతున్నందుకు ఒళ్లు మండింది.

"వాడు నన్ను చంపుకుంటాడా?" అంది భార్య మెల్లిగా.

లాగాడు. ముల్లు గీత దాటింది. ఆయన మైకు తనే అందుకున్నాడు. "ఇంకా ఎక్కుతోందిరా."

"ఎక్కనీ బావా. లాగు."

ముల్లు ఆగింది. ఇంకాస్త లాగితే కిందకి దిగింది, ఇంజను గడగడ వణికింది.

"వణుకుతోంది!"

"పీక్ దాటావు. కొంచెం ముందుకు తొయ్యి. సాఫీగా తిరుగుతోందా? చాలు, అక్కడుంచు."

"ఇప్పుడు సరిపోతుందా?"

"తెలీదు బావా," అన్నాడు బామ్మర్ది.

ఆ తర్వాత వాళ్లిద్దరూ ఆపకుండా మాట్లాడుకున్నారు. వాగు దాటావా? దాటాను. క్వారీ కనబడిందా? ఇంకా లేదు. మాట ఆగితే ఇంజను కూడా ఆగిపోతుందేమోనన్నట్టు ఏదో ఒకటి అనుకుంటూనే ఉన్నారు. భార్య రెండు చేతులూ ఒళ్లో బిగించుకుని కూర్చుంది. క్వారీ కనబడింది, దాని వెనకాల రన్‌వే. పైలట్ ఒక్క చుట్టు కూడా తిరగకుండా తిన్నగా దించేశాడు.

విమానం ముందు ఫ్యాను పూర్తిగా ఆగకముందే బామ్మర్ది పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, అలవాటు కొద్దీ, "అక్కా, ఆయన్ని..." అనబోయాడు.

"నా వల్ల కాదురా ఇక. అడిగేదేదో ఆయన్నే అడుగు," అని ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని షెడ్డు వైపు వెళ్లిపోయింది. వెళ్తూ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

బామ్మర్ది రెక్క మీద ట్యాంకు మూత తీశాడు. కొలత పుల్ల లోపలికి దించబోతే, చెయ్యి వణికి అది కంతలోకి పోవడం లేదు. పైలట్ వాడి మణికట్టు పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి దించి పైకి తీశారు. పుల్ల అడుగున గోరంత తడి.

"చచ్చేంత భయమేసింది బావా," అన్నాడు వాడు పుల్ల వైపే చూస్తూ. "నేనే నోరు తెరిచి నీతో చెప్పుంటే..."

"నువ్వు చెప్పుంటే మాత్రం," అన్నాడు పైలట్, వాడి చెయ్యి వదలకుండా, "వినేవాణ్ణట్రా నేను?"