ఎవరి చేతి కుచ్చు

కాటన్‌పేటలో చీర కొంగులకు కుచ్చులు కట్టే ఆడవాళ్లకు కొదవ లేదు. అయితే సుశీల ఉండే సందులో ఆ పని రాని ఆడమనిషే లేదంటే అదంతా సుశీల చలవే. ఎవరి సంసారం కుంటుపడినా, "ఊరికే కూచుంటే ఏమొస్తాది, రా, సూది పట్టు" అని తన గడపలో కూర్చోబెట్టుకుని నేర్పింది. అంగడి నుంచి చీరలు తనే తెచ్చి అందరికీ పంచి, కట్టాక తనే తీసుకుపోయి ఇచ్చేది. ఆమె మంచిది కాదని ఎవరైనా అంటే ఆ సందంతా కొట్లాటకు దిగుతుంది. అసలు బాధంతా అక్కడే ఉంది. చెడ్డమనిషై ఉంటే నాలుగు తిట్టి ఊరుకునేవాళ్లం.

ఆమె నేర్పినవాళ్లలో అంబిక ఒకతె. మొగుడు ఇంకెవరినో చూసుకుని వెళ్లిపోతే, కూతురు చైత్రను చంకనేసుకుని వచ్చి ఒంటిగదిలో అద్దెకు దిగింది. మొదట్లో సూదిలోకి దారం ఎక్కించడమే రాదు. సుశీల ఒక్కరోజూ విసుక్కోలేదు. వాళ్ల పొయ్యి వెలగని పూట తన ఇంటి నుంచి రాగిముద్దా పులుసూ పంపించేది. రానురానూ అంబిక చెయ్యి ఎట్లా తిరిగిందంటే, నేర్పిన సుశీలే పక్కనుంచి చూసి కళ్లు దించుకునేది. కొంగు చివరి పోగులను మల్లెమొగ్గల్లా ముడివేసి, ఒక్కో మొగ్గలో కనీ కనిపించని పూసను దాచేది అంబిక. అది ఎవరూ నేర్పింది కాదు, తనంతట తనే పట్టుకున్న పని.

ఉగాదికి ముందు, అంగడి యజమాని భుజంగరావు పైఅంతస్తు ఖాళీ చేయించి, పెళ్లిచీరల కుచ్చులన్నీ అక్కడే కట్టించాలని ఏర్పాటు మొదలుపెట్టాడు. అమ్మాయిలను పెట్టుకున్నాడు గానీ, వాళ్లకు చూపించే మనిషి కావాలి. నెలజీతం, నీడపట్టున పని. ఒకరోజు సుశీల తెచ్చిన చీరలు ఒక్కొక్కటే విప్పుతూ, కొంగున మల్లెమొగ్గలున్న పాచిరంగు పట్టుచీర దగ్గర ఆగిపోయాడు.

"సుశీలమ్మా, ఇది ఎవరి చెయ్యి?"

ఒక్క పేరు చెబితే అయిపోయేది. కానీ మూటలు మోసి మోసి నడుం పట్టేసి మంచాన పడిన మొగుడు మునిస్వామి ఆమె కళ్లముందు కదిలాడు. ఇన్నేళ్లూ వంగి వంగి గట్టిపడిపోయిన మెడ ఆ క్షణానే సలిపింది. అందరికీ చేశాను, ఒక్కసారి నా సంగతి నేను చూసుకుంటే తప్పేముంది అనిపించింది. చూసుకోవడంలో తప్పేమీ లేదు, ఎవరు కాదన్నారు? చూసుకునే దారి ఇది కాదు, అంతే.

"నాదే స్వామీ," అంది.

భుజంగరావు సంబరపడి ఆ పని ఆమెకే ఇచ్చాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఇట్లాంటి చెయ్యి ఇంగొకటుంటే చెప్పమ్మా, ఇద్దర్నీ పెట్టుకుంటా. ఇంత పని ఒక్కరితో యాడయితాది?" అన్నాడు.

సుశీల విప్పిన చీరలు మడవసాగింది. కట్టింది అంబిక, నేర్పింది నేను అని ఉంటే ఇద్దరికీ దక్కి ఉండేది. ఇప్పుడు అంబికను తీసుకొస్తే, ఆమె మొదటి మొగ్గ కట్టగానే అబద్ధం బయటపడుతుంది. "చూస్తాలే స్వామీ," అని మెట్లు దిగివచ్చింది.

ఈ కబురు విని అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చింది అంబికే. "నీకు రావాల్సిందే అక్కా. జాస్తి కష్టపడినావు," అని చేతులు పట్టుకుంది. ఆ చేతుల్లో తన చేతులు పెట్టి సుశీల నవ్వింది. ఎట్లా నవ్విందో ఆమెకే తెలియాలి. ఇంకో వారానికి, "ఆ మొగ్గ నాకు సరిగ్గా కుదరట్లేదే, ఒక్కసారి చూపించు," అని అడిగింది కూడా. అంబిక ఎందుకని అడగలేదు. పక్కన కూర్చుని, వచ్చేదాకా చూపించింది. దాచుకోవడం ఆ పిల్లకు తెలియదు.

పెళ్లిచీరలన్నీ పైఅంతస్తుకే పోవడంతో సందులోకి వచ్చే పని పలచబడింది. మిగతావాళ్లకు మగవాళ్ల సంపాదన ఉంది. అంబికకు సూది తప్ప ఏముంది?

"అక్కా, ఆడ నాకేమైనా చోటుండాదేమో అడుగు. లేకుంటే గది వదిలేయాల్సి వస్తాది. చైత్ర ఇస్కూలు ఈడే కదా," అంది ఒకనాడు.

"అడుగుతాలే," అంది సుశీల. అడగలేదు. మళ్లీ అడిగితే, "ఇంకా ఏమీ చెప్పలేదప్పా ఆయన," అంది.

ఒక ఆదివారం పొద్దున అంబిక గది ముందు లగేజి ఆటో ఆగింది. ఊరికి ఆ చివరనున్న ఎలక్ట్రానిక్ సిటీలో ఏదో ఆఫీసులో నేల తుడిచే పని వాళ్లన్న చూసిపెట్టాడు. ఆ అన్న ఇంట్లోనే ఉండాలట. చైత్ర సామాన్ల మధ్య మొహం ముడుచుకుని కూర్చుంది. సుశీల పరుగున వచ్చింది.

"ఇంత తొందరేమే? నేను అడుగుతాంటిని కదా."

"నేనే పోయి అడిగొచ్చినానక్కా, పోయిన వారం. నువ్వు బ్యాంకుకు పోయిన పూట."

సుశీల చేతిలోకి తీసుకున్న బిందెను కింద పెట్టేసింది.

"పాచిరంగు చీర చూపించినాడు. అమ్మాయిలకు చూపించేకి పెట్టుకున్నాడంట. ఇది సుశీలమ్మ చెయ్యి, ఇట్లా కట్టేది వస్తాదా అని అడిగినాడు." అంబిక చాప చుట్టి తాడు బిగించింది. "రాదన్నాను."

"అంబికా..."

"వస్తాదంటే ఆడే కట్టమంటాడు కదక్కా. నాకు సూది పట్టించింది నువ్వు. నిన్ను అందరి ముందర ఎట్లా నిలబెట్టేది?"

"రేపే పోయి చెప్తా. నిజం చెప్పేస్తా," అంది సుశీల. ఏడుపు ఆగలేదు.

"వద్దు. నీ పనీ పోతాది. బావ మందులకు ఏం చేస్తావు? ఇద్దరం మునిగేదెందుకు?" అంది అంబిక. ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉండి ఉంటే సుశీల ఎట్లాగో తట్టుకునేది. ఆటో సందు మలుపు తిరిగేదాకా చైత్ర ఒక్కతే వెనక్కి చూసింది.

మర్నాడు సుశీల చెప్పేయాలనే మెట్లెక్కింది. భుజంగరావు తలెత్తి, "ఏం సుశీలమ్మా, ఏమన్నా కావాల్నా?" అని అడిగాడు.

వద్దన్న అంబిక మాట చెవిలో ఉంది. అది దయతో అన్న మాట. సుశీల దాన్నే సాకుగా పట్టుకుంది.

"తెల్ల దారం అయిపోయింది స్వామీ," అని, అమ్మాయిల మధ్య కూర్చుని, వాళ్లకు మొగ్గ కట్టడం చూపించసాగింది.