పెద్దమేస్త్రి రుద్దిన గోడ

పెద్దమేస్త్రికి ఇనప తీగల బ్రష్షంటే ప్రాణం. కొత్తగా పూసిన గోడ ఆరగానే దాంతో బరబరా రుద్దితే గానీ ఆయనకు నిద్ర పట్టదు. వదులుగా ఉన్న ఇసుకంతా రాలిపోయి గోడ గట్టిపడుతుందని ఆయన నమ్మకం. నలభై ఏళ్లుగా ఇళ్ల లోపలి గోడలన్నీ అలాగే రుద్దాడు, ఒక్కటీ పాడవలేదు. ఆ సంగతి అడిగినవాళ్లకీ చెప్పాడు, అడగనివాళ్లకీ చెప్పాడు.

ఆయన కోడలికి మాత్రం ఆరుబయట పనంటే ఇష్టం. ఎనిమిదేళ్లు ఇసుక మోసి, సిమెంటు కలిపి, చివరికి తాపీ పట్టింది. రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారి తోట చుట్టూ గోడకి తెల్ల సిమెంటు పూత పూయడం ఆమె సొంతంగా చేసిన మొదటి పని. మబ్బులా తెల్లగా వచ్చింది. ఆఖరి రోజు మామగారు "నేనూ ఓ చెయ్యేస్తా" అని వచ్చి, తన బ్రష్షుతో చెయ్యి దూరినచోటల్లా రుద్ది మరీ వెళ్లాడు.

మొదటి వానకే గోడ పరువు తీసింది. ఎక్కడ చూసినా తుప్పు చుక్కలు, ఒక్కో చుక్క కింద జానెడు కారిన చార.

"ఇసుకలో ఇనప రాళ్లున్నాయి!" అని పెద్దమేస్త్రి పనివాళ్లందరి ముందూ నిప్పులు చెరిగాడు. "జల్లించడం చేతకానిదానివి తాపీ ఎందుకు పట్టావమ్మా? నెలాఖరులోగా ఈ గోడ తెల్లబడిందా సరేసరి. లేదా, తాపీ కింద పెట్టి మళ్లీ ఇసుక తట్ట ఎత్తుకో."

ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ ఇసుకను ముమ్మారు జల్లించింది తనే కదా! మొగుడు సర్దిచెబుతాడేమో అని చూస్తే, ఆ మహానుభావుడు సిమెంటు బస్తాల మీది అక్షరాలు చదువుకుంటున్నాడు.

ఆ తర్వాత పెద్దమేస్త్రి వారం వారం వచ్చి మచ్చల్ని అదే బ్రష్షుతో రుద్దిపోయాడు. రుద్దినరోజు గోడ తళతళా మెరిసేది. మళ్లీ వాన పడిందా, పది చుక్కలున్నచోట యాభై! "చూశావా, నీ ఇసుక ఎంత దరిద్రపుదో!" అనేవాడు. ఒళ్లు మండదూ మరి?

నెలాఖరుకి పదిరోజులుందనగా, ఆమె గోడ మూలనున్న కాగితంపూల తీగని పక్కకి లాగింది. ముళ్లు గీరుకుపోయాయి గానీ, వెనక కనిపించింది చూసి తీగని ఇంకా పక్కకి లాగింది. అక్కడ గోడ మల్లెపువ్వులా ఉంది. ఒక్క చుక్క లేదు. అదే ఇసుక, అదే సిమెంటు, అదే రోజు పూసిన పూత. ఆ ముళ్లలోకి దూరనిది ఒక్కటే, మామగారి బ్రష్షు.

నేరుగా వెళ్లి చెప్పింది. పెద్దమేస్త్రి చెవిన పెడితేనా! "నా బ్రష్షుకి వంకలు పెడతావా?"

"వంకలెందుకు మామయ్యా, పందెం కాద్దాం. గోడలో సగం మీది, సగం నాది. మీ సగం మీ బ్రష్షుతో మీరే తోమండి. నాలుగు రోజులు రెండు సగాలకీ నీళ్లు కొడదాం. టీచరుగారు తీర్పు చెబుతారు."

హెడ్మిస్ట్రెస్ గారికి పరీక్షలంటే సరదా ఎక్కడికి పోతుంది? వెంటనే ఒప్పుకున్నారు. పెద్దమేస్త్రి మీసం మెలేసి, ఒక్క పూటలో తన సగం తోమేశాడు.

కోడలికి రెండు రోజులు పట్టింది. పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతాన్ని తెల్లగుడ్డలో చుట్టి గోడమీద జానెడు జానెడూ తిప్పింది. దానికి అంటుకోక గోడలో ఇరుక్కున్నవాటిని పట్టకారుతో పీకింది. గోడ తడిపి, నిమ్మ ఉప్పు, సుద్దమన్ను నీళ్లతో ముద్ద చేసి మచ్చల మీద పట్టువేసి, కాసేపాగి నైలాన్ బ్రష్షుతో మెల్లగా తోమి, నీళ్లతో శుభ్రంగా కడిగేసింది.

అయిదోరోజు పొద్దున అందరూ తోటలో నిలబడ్డారు. పెద్దమేస్త్రి సగమంతా తట్టు పోసినట్టు ఎర్రగా పేలిపోయింది. కోడలి సగంలో వెతికినా ఒక్క చుక్క లేదు. "నూటికి నూరు!" అని హెడ్మిస్ట్రెస్ గారు చప్పట్లు కొట్టారు. మొగుడికి ఎక్కడలేని ధైర్యం వచ్చి ఈల వేశాడు.

కోడలు కొత్త గుడ్డ చుట్టిన అయస్కాంతాన్ని పెద్దమేస్త్రి చేతికిచ్చింది. ఆయన తన సగం మీద తిప్పి, గుడ్డని కళ్లదగ్గరికి తెచ్చుకున్నాడు. వెంట్రుకంత సన్నటి ఇనప ముక్కలు, గుడ్డనిండా. బ్రష్షు నుంచి విరిగినవే. లోపలి గోడలకి తడి తగలదు కాబట్టి నలభై ఏళ్లూ అవి నోరు మూసుకున్నాయి.

ఆయన ఆ గుడ్డని అందరికీ కనబడేలా పైకెత్తి పట్టుకున్నాడు. తర్వాత పనివాళ్ల వైపు తిరిగి, ఆమెను తిట్టినంత గట్టిగానే అన్నాడు: "ఇసుకలో తప్పులేదురా. గోడ పాడుచేసింది నేను. బాగుచేసింది ఈవిడ."

ఆమెకు గాల్లో తేలినట్టుంది. ఎగిరి గంతెయ్యాలనిపించింది, నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇక నా సగం సంగతేంటి మేస్త్రీ?" అని అడిగాడు ఆయన, తల వంచుకుని.

పనివాళ్లు నలుగురూ ఆమెవైపు చూశారు. ఆమె కొంగు బిగించి నడుముకి దోపింది.

"ముందు గోడ తడపండి మామయ్యా. పై నుంచి కిందికి, మెల్లగా."

పెద్దమేస్త్రి పైపు అందుకుని పై నుంచి కిందికి, మెల్లగా తడిపాడు.