చలిచేతులమ్మ

చొక్కా కాలరు ఇస్త్రీ చేయడం అందరికీ వచ్చే విద్య కాదని అత్తగారు అంటారు. "మావాడు వందమంది ముందు నిలబడి పాఠం చెప్పేవాడు. పుస్తకాలు దులిపేదానివి, నువ్వెలా ఉన్నా చెల్లుతుంది" అని కూడా అంటారు, నవ్వుతూనే. కోడలు రోజూ పొద్దున్నే భర్త బట్టలు ఇస్త్రీ చేసి, తను నలిగినవి తొడుక్కుని కాలేజీకి పరుగెత్తుతుంది. ఆయన అక్కడ వృక్షశాస్త్రం శాఖకు అధిపతి. ఆమె అదే కాలేజీ లైబ్రరీలో పుస్తకాలు ఇచ్చి పుచ్చుకునే ఉద్యోగి. "నేనొక మాట చెప్పబట్టి ఇచ్చారు" అని ఆయన చుట్టాలందరి ముందూ చెబుతాడు. ఆమె కూడా ఒకప్పుడు అక్కడే వృక్షశాస్త్రం చదివిందనీ, ఆ ఏడు అందరికంటే ఎక్కువ మార్కులు ఆమెవేననీ ఎవరూ చెప్పరు. చెప్పుకునే అలవాటు ఆమెకే తప్పిపోయింది.

ఆ మధ్యాహ్నం మొదటి సంవత్సరం పిల్ల ఒకతె బల్ల దగ్గరికి వచ్చింది. మొహానికి మించిన కళ్లజోడు, చంకలో మడతపెట్టిన తెల్లకోటు. మొక్కల బొమ్మలున్న పుస్తకమేదైనా ఇమ్మంది.

"బొమ్మలెందుకు, అసలు మొక్కలే ఉన్నాయిగా? రెండో అంతస్తులో ఎండుమొక్కల గదికి వెళ్లు. అట్టలకి అంటించి వరసగా పెట్టి ఉంటాయి."

"అక్కడికి ఒక్కదాన్నే వెళ్లకూడదట మేడమ్. చలిచేతులమ్మ ఉంటుందట."

తేదీ వేయబోతున్న ముద్ర ఆమె చేతిలోనే ఆగిపోయింది.

పిల్ల గొంతు తగ్గించి చెప్పుకుపోయింది. ఎప్పుడో ఆ గది తలుపు మూసుకుపోయి ఒకావిడ రాత్రంతా లోపలే ఉండి చలికి చచ్చిపోయిందట. ఆ చలి ఆవిడ చేతుల్ని ఇప్పటికీ వదల్లేదట. ఒంటరిగా ఉన్న పిల్ల వెనక్కి వచ్చి మెడ మీద చెయ్యి వేస్తుందట. "సీనియర్లు చెప్పారు మేడమ్. ఇద్దరిద్దరుగా వెళ్లాలి. తలుపుకి కుర్చీ అడ్డం పెట్టాలి. మొక్కల పేర్లు వరండాలోకి వినబడేలా పైకి చదువుతూ ఉండాలి. చదువు ఆగిందా, ఆవిడ వస్తుంది."

ఒక్క అక్షరం పొల్లుపోలేదు. ఇరవై రెండేళ్ల క్రితం హాస్టల్ మెట్ల మీద కూర్చుని జూనియర్ పిల్లలకు ఆమె చెప్పిన మాటలే అవి. ఊరూ పేరూ తెలియని పిల్ల నోట్లోంచి ఆమెకు తన గొంతే వినబడినట్టయింది.

అప్పట్లో శాఖకు అధిపతిగా పెద్ద సార్ ఉండేవాడు. ఆ గది తాళం ఆయన జేబులోనే. ఆయన చెయ్యి తన మెడ మీద పడిన రోజు ఆమె అరవలేదు. అరిస్తే ఏమని అరవాలో తెలియలేదు. ఇంట్లో చెబితే చదువు మాన్పిస్తారు, కాలేజీలో చెబితే తననే బయటికి పంపుతారు. రెండు రోజులు అన్నం సహించక పడుకుని, మూడో రోజు లేచి ఒక దెయ్యాన్ని పుట్టించింది. దెయ్యమంటే జూనియర్లు నమ్ముతారు, సార్ అంటే ఎవరూ నమ్మరు. మగవాడు చేసిన పనికి కూడా ఆడదెయ్యాన్నే తెచ్చి నిలబెట్టానేమిటా అని తర్వాత ఎన్నోసార్లు సిగ్గుపడింది. కానీ మగదెయ్యమంటే అది ఎవరని అడుగుతారు. ఆడదెయ్యమైతే ఎవరూ అడగరు. పైచదువంతా ఆ గదిలోనే చదవాలి కాబట్టి చదువు మానేసింది. "బుర్ర చాల్లేదేమో" అని అత్తగారు ఇప్పటికీ అంటారు. మూడేళ్లకు పెద్ద సార్ శిష్యుడితోనే ఆమె పెళ్లి కుదిరింది. ఆ తర్వాత పెద్ద సార్ కుర్చీ కూడా ఆ శిష్యుడికే వచ్చింది, గది తాళంతో సహా.

పెద్ద సార్ పోయి తొమ్మిదేళ్లు. చచ్చిపోయినవాడికి ఈ పసిది ఇంకా భయపడుతోందంటే ఆమెకు జాలి వేసింది. లోపలెక్కడో చిన్న గర్వం కూడా వేసింది.

"అదంతా ఉత్తదేనమ్మా. నేను చెబుతున్నాగా, ధైర్యంగా వెళ్లిరా."

పిల్ల వెళ్లింది. గంట తర్వాత తిరిగొచ్చి, బల్ల చుట్టూ తిరిగి లోపలికొచ్చి, పుస్తకాల అరల మధ్య నేల మీద కూర్చుంది. కళ్లజోడు చేతిలో ఉంది.

"మీరు ఏం లేదన్నారు కదా మేడమ్."

నిష్ఠూరంగా కూడా అనలేదు. దారి తప్పినవాళ్లు దారి అడిగినట్టు అంది.

"కనబడలేదు. వెనకాలే ఉంది. మెడ మీద చల్లగా... తర్వాత ఇక్కడ..." పిల్ల తన భుజాన్ని తనే గట్టిగా పట్టుకుంది. "నేను చదవడం ఆపలేదు మేడమ్, ఒట్టు. అయినా వచ్చింది. వచ్చే ముందు ఇలా అంది."

పిల్ల గొంతు సవరించి చూపించింది. రెండుసార్లు, మధ్యలో సన్నటి మూలుగుతో.

ఆమె పిల్ల పక్కనే నేల మీద కూర్చుంది. పంతొమ్మిదేళ్లుగా రోజూ పొద్దున స్నానాల గదిలోంచి ఆ చప్పుడే వింటూ ఆమె కాఫీ కలుపుతోంది.

మర్నాటి దాకా తనతో తనే వాదించుకుంది. అలా గొంతు సవరించుకునేవాళ్లు లోకంలో ఒక్కరేనా? మరి ఆ చేతులో? ఆయన చేతులెప్పుడూ చల్లగానే ఉంటాయి. పెళ్లైన కొత్తలో, ఎండాకాలం హాయిగా ఉన్నాయని తనే మురిసిపోయింది.

భోజనాల వేళ పిల్లని తెల్లకోటు అడిగి, ఆమె తొడుక్కుని మెట్లెక్కింది. తెల్లకోటు తొడిగాక వెనకనుంచి ఆడపిల్లలందరూ ఒకటే. గది మారలేదు. అవే చెక్క బీరువాలు, అదే కలరా ఉండల వాసన, మూసిన కిటికీ అద్దాల్లోంచి అదే మసక వెలుతురు. తను అంటించిన మొక్క ఒకటి అట్ట మీద ఇంకా ఉంది. వివరాలన్నీ తన చేతిరాతే. సేకరించినవారి పేరు మాత్రం పెద్ద సార్‌ది.

ఆమె పైకి చదవడం మొదలుపెట్టింది. మూడో పేరు దగ్గర వరండా చప్పుళ్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. తలుపు పడిందన్నమాట. అడుగుల చప్పుడు లేదు. ఊపిరి మాత్రం ఉంది. ఆ ఒక్క క్షణం, వెనక ఉన్నది ఆవిడే అయితే బాగుండునని ఆమె మనసారా కోరుకుంది. తను పుట్టించిన ఆ దిక్కులేని ఆడదెయ్యమే వచ్చి నిలబడి ఉంటే బాగుండునని.

గొంతు సవరించుకున్న చప్పుడు. రెండుసార్లు. మెడ మీద చల్లటి చెయ్యి.

ఆమె తిరిగింది.

ఆయన కళ్లలో భయం రెప్పపాటే ఉంది. వెంటనే ఇంట్లో ఉండే మొహం వచ్చేసింది. "నువ్వా? ఈ వేషమేంటి? లైబ్రరీలో పని లేదా?" అంతలోనే నవ్వాడు. "నువ్వేనని తెలిసే, ఆటపట్టిద్దామని వచ్చాను. ఇంటికెళ్లాక మాట్లాడుకుందాం. అమ్మ ముందు మాత్రం ఏమీ వాగకు."

పంతొమ్మిదేళ్లలో ఆయన ఆమెను ఒక్కసారి కూడా ఆటపట్టించలేదు.

కిందికి దిగి కోటు ఇచ్చేస్తూ పిల్లతో అంది: "అది దెయ్యం కాదమ్మా. మా ఆయన. నేను వెళ్లి ప్రిన్సిపాల్‌గారికి చెబుతాను. నీ పేరు, నువ్వు చెప్పమంటేనే చెబుతాను." పిల్ల కోటు అందుకుని, "చెప్పండి" అంది.

ప్రిన్సిపాల్ ఈ కాలేజీలోనే చదివి, ఇక్కడే పాఠాలు చెప్పి, ఇక్కడే తల నెరిసినావిడ. ఆమె చెప్పిందంతా బల్ల వైపే చూస్తూ విన్నది.

"ఆయన మీవారమ్మా. రేపు నువ్వు ఏ ఇంటికి వెళ్తావో ఆలోచించుకున్నావా?"

"ఇంకా లేదండీ. కానీ ఆ పిల్లని పైకి పంపింది నేను. ఆ దెయ్యాన్ని పుట్టించిందీ నేనే. ఆ రోజే మనిషి పేరు చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు."

ప్రిన్సిపాల్ తలెత్తి ఆమె మొహంలోకి చూసింది. సొరుగులోంచి రెండు తెల్లకాగితాలు తీసింది. ఒకటి ఆమె ముందుకు జరిపి, రెండోది తన ముందు పెట్టుకుంది.

"నువ్వొక్కదానివే పుట్టించలేదమ్మా" అంది, కలం మూత తీస్తూ. "మేం చదివేనాటికి మీ పెద్ద సార్ ఉద్యోగంలోనే చేరలేదు. మా రోజుల్లో ఆవిణ్ణి ఊపిరమ్మ అనేవాళ్లం."