ఎర్రకోటు వెనక కుర్చీ

ముందు డయపరు, దాని మీద బూడిదరంగు ప్యాంటు, తర్వాత చొక్కా, టై, అన్నిటికన్నా చివర ఎర్రకోటు. ఈ వరస ఎక్కడ తప్పినా మళ్ళీ మొదటికొస్తుంది. ఆ శనివారం పొద్దున ఎనిమిదింటికి మొదలుపెట్టిన ఓజెల్లా టార్ప్లీ, కోటు దాకా వచ్చేసరికి పదిన్నరయింది. మధ్యలో రెండుసార్లు మంచం అంచున కూర్చుని, ఊపిరి అందేదాకా ఆగింది. ఆమెకి ఎనభై ఒకటి, మొగుడు హోసియాకి ఎనభై ఆరు. ఒకప్పుడు యుద్ధవిమానం నడిపిన మనిషి, ఇప్పుడు కోటు చేతిలోంచి తన చెయ్యి బయటికొస్తే అదెవరి చెయ్యో అన్నట్టు చూస్తాడు.

"ఎక్కడికే జెల్లా?"

"చర్చి హాలుకి. సన్మానం."

"ఎవరికి?"

"నీకే."

"మళ్ళీనా!" అని నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది. ఆ నవ్వులోనే ఆయన ప్యాంటు తడిసింది. వరస మొదటికొచ్చింది.

నల్లవాడికి విమానం నడిపే బుర్ర ఉండదని సైన్యంలో పెద్దలు గట్టిగా నమ్మిన రోజుల్లో, అలబామాలో నేర్చుకుని, రెండో ప్రపంచయుద్ధంలో ఇటలీ మీద ఎగిరొచ్చినవాళ్ళలో హోసియా ఒకడు. తిరిగొచ్చాక ఏ విమాన కంపెనీ గుమ్మం తొక్కనివ్వలేదు. డెట్రాయిట్ పోస్టాఫీసులో ముప్ఫై ఏళ్ళు ఉత్తరాలు వేరుచేశాడు. ఆ ముప్ఫై ఏళ్ళూ ఎవరూ ఆయన్ని యుద్ధం గురించి అడిగిన పాపాన పోలేదు. పోయేవాళ్ళు పోయి, మిగిలినవాళ్ళు వేళ్ళ మీద లెక్కకొచ్చాక దేశానికి గుర్తొచ్చింది. అలా పనిచేసినవాళ్ళకో సంఘం ఉంది, దాని గుర్తే ఈ ఎర్రకోటు. ఇప్పుడు ఆ సంఘం ఈ ఊరి శాఖలో బతికున్న పైలట్ ఈయనొక్కడే. అందుకని వారానికి రెండు పిలుపులు, బడి అనీ, లైబ్రరీ అనీ, ఊరేగింపు అనీ. కారు నడిపేది ఓజెల్లా, మెట్లెక్కించేది ఓజెల్లా, మారు ప్యాంటు సంచిలో మోసేది ఓజెల్లా. ఆయనకిచ్చిన జ్ఞాపికలన్నిటి దుమ్ము దులిపేది కూడా ఆవిడే. గౌరవాన్ని ఆమె ఎన్నడూ కాదనలేదు. దక్కాల్సిందే, ఇంకా ముందే దక్కాల్సింది. కానీ ఆ గౌరవం ఇంటికొచ్చాక ఎవరో ఒకరు దాన్ని ఉతికి ఆరెయ్యాలి కదా.

నిజానికి ఆ ఎర్రకోటు ఆమెకీ రావాల్సిందే. పందొమ్మిదేళ్ళ వయసులో ఆ అలబామా స్థావరంలోనే పారాచూట్లు మడిచేది. పొడవాటి బల్ల మీద పట్టుని ముడత లేకుండా పరచడం, తాళ్ళు ఒక్కొక్కటే సర్దడం, తప్పు జరిగితే ఒక మనిషి నేలకు గుద్దుకుని చస్తాడని తెలిసీ చెయ్యి వణక్కుండా పని చెయ్యడం. హోసియా శిక్షణలో తగిలించుకుని ఎగిరినవాటిలో ఆమె మడిచినవి ఎన్నో ఉన్నాయి. మెకానిక్కులూ, నర్సులూ, పారాచూట్లు మడిచినవాళ్ళూ అందరూ లెక్కలోకే వస్తారని సంఘం వాళ్ళు ఫారాలు పంపినప్పుడు ఆమె తనదీ నింపబోయింది. "ఒక్క ఇంట్లో రెండు కోట్లెందుకే? ఇద్దరం వేసుకుంటే హోటల్లో సామాన్లు మోసేవాళ్ళమనుకుంటారు," అని హోసియా నవ్వేశాడు. అప్పుడాయన బుర్ర పాదరసంలా ఉండేది. మతిమరుపులో అన్న మాట కాదది. ఆమె కూడా నవ్వేసి, ఫారం మీద కూరగాయల జాబితా రాసుకుంది. అందుకు ఎవర్ని తిట్టుకోవాలో ఆమెకి ఇప్పటికీ తేలలేదు.

అసలు సంగతి గుండె. లోపల కవాటం ఒకటి బిగుసుకుపోయిందనీ, కోసి బాగుచెయ్యాలనీ డాక్టరమ్మ చెప్పి ఏడాదయింది. రెండు తేదీలు ఇస్తే రెండూ ఆయన సన్మానాలకి బలయ్యాయి. మూడోది ఈ సోమవారం. "దీన్నీ దాటేస్తే నాలుగోది ఇవ్వాల్సిన అవసరం ఉండకపోవచ్చు," అంది డాక్టరమ్మ, కళ్ళలోకి చూస్తూ. కోలుకోవడానికి ఆరు వారాలు. ఆ ఆరు వారాలకి మాజీ సైనికుల హోంలో మంచం ఒకటి దొరికింది. ఆదివారం సాయంత్రంలోగా హోసియాని చేర్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తారు.

ఆ మాట నోట్లోంచి రావడమే ఆలస్యం, ముగ్గురూ ముప్పేట దాడి చేశారు. అట్లాంటాలో బడి నడిపే కూతురు రెనెట్టా ఫోన్లో, "ఆపరేషన్ వేసవిలో పెట్టుకోకూడదూ అమ్మా? అప్పుడైతే నాకూ సెలవులు. ఊరేగింపులో మొదటి కారులో కూర్చునే మనిషిని హోంలో పడేశారని పేపర్లో వస్తే ఎంత అప్రతిష్ఠ!" అంది. ఆడపడుచు వెర్డీ ఇంటికే వచ్చింది. "వదినా, మా అన్నయ్య మండే విమానంలోంచి దూకి బతికొచ్చాడు. నువ్వు ఆరు నెలలు ఓపిక పట్టలేవూ?" అని, ఓజెల్లా చేసిన కేకు రెండు ముక్కలు తిని వెళ్ళింది. సంఘం అధ్యక్షుడు విట్లో మర్యాదస్తుడు. టోపీ తీసి మరీ మాట్లాడాడు. "సిస్టర్ టార్ప్లీ, ఆగస్టులో మహాసభ. అందాకా ఆయన్ని నిలబెట్టండి. మీరు లేకపోతే ఆయన లేరు." పొగిడాననుకున్నాడు పాపం.

నేనంటూ ఒకదాన్ని ఉన్నానా, లేక ఆయన్ని నిలబెట్టే కర్రనా అని ఆమె ఆ రోజంతా ఆలోచించింది. మొన్న స్నానం చేయిస్తుంటే ఆయన బరువంతా మోచేతి మీద పడింది, కళ్ళు చీకట్లు కమ్మాయి. ఈ చెయ్యి వదిలేస్తే అనే ఆలోచన వచ్చింది. వచ్చి, ఒక్క క్షణం అక్కడే నిలబడింది. ఆమె ఆయన వీపుకి ముఖం ఆనించి ఏడ్చింది. "నీళ్ళు వేడిగా ఉన్నాయే," అన్నాడాయన. దేవుడా, ఇద్దరిలో ముందు నన్నే తీసుకెళ్ళు, కానీ ఇతన్ని ఎవరు చూస్తారు అని ప్రార్థన కూడా సగంలోనే ఆగిపోయింది. చావడానికి కూడా ఆమెకి తీరిక చిక్కడంలేదు.

చర్చి హాలు నిండిపోయింది. వేయించిన కోడి, ఆకుకూర, మక్రోనీ వాసన. హోసియా లోపలికి అడుగుపెట్టగానే రెండువందల మందీ లేచారు. అది వాళ్ళ ఆనవాయితీ. ఆ ఎర్రకోటు నిలబడి ఉన్నంతసేపూ ఎవరూ కూర్చోరు. వేదిక మీద ఆయన వెనకే ఓజెల్లా కుర్చీ. తన కథ ఆయన మరిచిపోయి రెండేళ్ళయింది. వెనకనుంచి ఆమె గుసగుసగా అందిస్తుంది, ఆయన గట్టిగా పలుకుతాడు. అయిపోగానే కోటు వెనక అంచు లాగుతుంది, ఆయన కూర్చుంటాడు.

"ఇంజన్లోంచి పొగ," అందించింది.

"ఇంజన్లోంచి పొగ లేచింది!" అన్నాడు.

"దూకాను."

"దూకాను!" ఆగాడు. వెనక్కి తిరిగి, "తర్వాతేమైందే జెల్లా? చచ్చిపోయానా?" అని అడిగాడు. హాలంతా ముచ్చటపడి నవ్వింది.

"తెరుచుకుంది," అందామె.

"తెరుచుకుంది!"

చప్పట్లు మోగిపోయాయి. విట్లో మైకందుకుని, "ఈ వీరుడికి ఏ అవసరమొచ్చినా మేమంతా ఉన్నాం!" అన్నాడు. ముందు వరసలో వెర్డీ కళ్ళు తుడుచుకుంటోంది. ఆమె పక్కనే, ఈ సన్మానం కోసం విమానంలో వచ్చిన రెనెట్టా ఫోటోలు తీస్తోంది. ఓజెల్లా చెయ్యి కోటు అంచు దాకా వెళ్ళింది. అక్కడే ఆగింది. లేచి విట్లో చేతిలోంచి మైకు తీసుకుంది. ఎందుకో ఆయన ఇచ్చేశాడు.

"అందరూ నిలబడే ఉన్నారు కాబట్టి ఒక్క మాట," అంది. ఆయాసం మైకులో వినపడింది. "సోమవారం పొద్దున ఏడింటికి నా గుండె కోస్తున్నారు. ఈయన్ని ఆరు వారాలు హోంలో ఉంచుతానంటే సిగ్గులేదా అన్నారు. సరే, ఉంచను. ఈయనకి ఒళ్ళు కడగాలి, ముద్ద నోట్లో పెట్టాలి, రాత్రికి మూడుసార్లు పక్కబట్టలు మార్చాలి. ఎవరు చేస్తారో వాళ్ళు నిలబడే ఉండండి. చెయ్యలేనివాళ్ళు కూర్చోండి. నేనేమీ అనుకోను."

ఎవరూ కదల్లేదు. ఆనవాయితీ తప్పి ముందు కూర్చునేదెవరో అని ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. మొదట ఎక్కడో వెనక ఒక కుర్చీ కీచుమంది. తర్వాత పక్కది. "నాకు మోకాళ్ళ నొప్పులు వదినా," అంటూ వెర్డీ కూర్చుంది. రెనెట్టా, "అమ్మా, ఇది చోటా?" అని పళ్ళ బిగువున అని, ఫోన్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. విట్లో కూడా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

హాలు మొత్తానికీ నిలబడి ఉన్నది హోసియా ఒక్కడే. కూర్చున్న ఆ జనాన్నంతా కంగారుగా చూసి, పెళ్ళాం వైపు తిరిగాడు. "ఏంటే, ఎవరూ లేరా? సోమవారం నాకేం పన్లేదుగా జెల్లా. నేనొస్తాను నీతో."

అరవై ఏళ్ళ కాపురంలో ఆయన ఆమెతో ఆ మాట అనడం అదే మొదటిసారి. ఆమె కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి. ఎర్రకోటు బొత్తాం ఒకటి సరిచేసింది.

"వద్దు హోసియా," అంది, గుసగుసగా కాదు, మైకులోనే. "రేపు నిన్ను హోంలో దింపుతాను. సోమవారం నేనొక్కదాన్నే వెళ్తాను."